జీలకర్ర నీళ్లు, నిమ్మరసం తేనె, కొవ్వు కరిగించే పొడులు: వీటితో బరువు తగ్గుతామా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీకు 34 ఏళ్లు, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 72 కిలోలు. రెండో కాన్పు తర్వాత వచ్చిన ఒళ్లు నాలుగేళ్లయినా తగ్గలేదు. రెండు నెలల్లో మీ చెల్లెలి పెళ్లి. మూడు వారాలుగా పరగడుపున జీలకర్ర నీళ్లు, సాయంత్రం నిమ్మరసం తేనె తాగుతున్నారు. మొదటి వారం రెండు కిలోలు తగ్గారు, తర్వాత అంకె కదలడం లేదు. ఇప్పుడు యాపిల్ సైడర్ వెనిగర్ మొదలుపెట్టాలా, లేక మీ పక్కింటావిడ వాడుతున్న ‘కొవ్వు కరిగించే మూలికల పొడి’ తెప్పించుకోవాలా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. వంటింట్లో కాచుకునే ఏ కషాయమూ ఒంట్లో కొవ్వును కరిగించదు. జీలకర్ర నీళ్ల వల్ల నష్టం లేదు, ఇష్టమైతే తాగండి. తేనె మానేయండి. వెనిగర్ వల్ల ఒరిగేది చాలా కొద్ది. ఆ పొడి మాత్రం దయచేసి కొనకండి. రెండు నెలల్లో మీరు మూడు నుంచి నాలుగు కిలోలు నిజంగా తగ్గగలరు. అయితే ఆ తగ్గుదల మీ కంచంలోంచి, నూనె గిన్నెలోంచి రావాలి.

నేను గుంటూరులో 19 ఏళ్లుగా డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. మొదట ఆసుపత్రిలో, ఇప్పుడు సొంతంగా. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మీలాగే రెండు మూడు చిట్కాలు ప్రయత్నించి, డబ్బూ ఓపికా అయిపోయాక వస్తారు. వాళ్లను చూసి నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

మీ ప్రశ్నలో ఒక మాట రాసి దాటేశారు. ‘మొదటి వారం రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలే తిన్నాను, పచ్చళ్లు ముట్టలేదు, తర్వాత పిల్లలకు సెలవులు రావడంతో కుదరలేదు’ అన్నారు. నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది అదే. ఆ వారం జీలకర్ర నీళ్లు తాగారు, రాత్రి అన్నమూ తగ్గించారు. తర్వాతి రెండు వారాలు జీలకర్ర నీళ్లు అలాగే కొనసాగాయి, అన్నం మాత్రం మళ్లీ మొదలైంది. తగ్గుదల దేనితో పాటు వచ్చి దేనితో పాటు ఆగిపోయిందో మీరే చూడండి.

పైగా ఆ రెండు కిలోల్లో ఎక్కువ భాగం కొవ్వు కాదు. ఇది చెబితే చాలామందికి మనసు చివుక్కుమంటుంది, అయినా చెప్పాలి. మనం తిన్న పిండిపదార్థంలో కొంత కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ అనే రూపంలో నిల్వ ఉంటుంది. పెద్దవాళ్లలో ఇది సుమారు 400 నుంచి 500 గ్రాములు. ప్రతి గ్రాము గ్లైకోజెన్ తన వెంట దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం, ఉప్పు ఒక్కసారిగా తగ్గించిన వారంలో ఈ నిల్వ ఖర్చవుతుంది, దానితో నీరూ పోతుంది. కిలోన్నర, రెండు కిలోలు తగ్గినట్టు కనిపిస్తుంది. మళ్లీ మామూలుగా తింటే రెండు మూడు రోజుల్లో అదంతా తిరిగి వస్తుంది. ‘వారంలో అయిదు కిలోలు’ అని చెప్పే ప్రతి చిట్కా ఈ నీటి మీదే బతుకుతోంది.

అసలు కొవ్వు లెక్క వేరు. ఒక కిలో కొవ్వు పోవాలంటే సుమారు 7,700 క్యాలరీల లోటు రావాలి. రోజుకు 500 క్యాలరీలు తగ్గించి తింటే వారానికి అరకిలో పడుతుంది. ఆ లెక్కనే మీకు రెండు నెలల్లో మూడు నుంచి నాలుగు కిలోలు అన్నాను. అంతకంటే ఎక్కువ ఆశ చూపిస్తే మీకు అన్యాయం చేసినట్టే.

ఇక ఒక్కో చిట్కా సంగతి.

నిమ్మరసం తేనె. మన ఇళ్లలో అన్నిటికంటే ఎక్కువగా వాడేది ఇదే, నన్ను ఎక్కువ బాధపెట్టేదీ ఇదే. కొన్నేళ్ల క్రితం ఒక టీచరమ్మ వచ్చారు. ఆరు నెలలుగా రోజుకు రెండుసార్లు గోరువెచ్చని నీళ్లలో నిమ్మరసం, ‘ఒక చెంచా’ తేనె తాగుతున్నారు. బరువు తగ్గకపోగా కిలోన్నర పెరిగింది. మీ ఇంట్లో ఏ చెంచాతో వేస్తారో అదే తెమ్మన్నాను. మర్నాడు బ్యాగులోంచి తీశారు, కూర వడ్డించుకునే స్టీలు చెంచా. నా దగ్గర చిన్న తూకం ఉంటుంది. దాని మీద గిన్నె పెట్టి, అంకె సున్నా చేసి, ఆమె చేతనే తేనె పోయించాను. తేనె చెంచా అంచు దాటి ఉబ్బెత్తుగా నిలబడింది, అడుగున కూడా కొంత అంటుకుంది. తూకం 28 గ్రాములు చూపించింది. రెండుసార్లకు 56 గ్రాములు, అంటే సుమారు 170 క్యాలరీలు. ఆమె ఆ అంకె వైపు చాలాసేపు చూశారు. ‘పంచదార మానేశానండీ, ఇది తేనె కదా’ అన్నారు. తేనె సహజమైనదే, కాదనను. కానీ ఒంట్లోకి వెళ్లాక అది చక్కెరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తేనెను తగ్గించుకోవాల్సిన చక్కెరల లెక్కలోనే వేస్తుంది. నిమ్మరసం నీళ్లు తాగాలనిపిస్తే తేనె లేకుండా తాగండి. షుగర్ ఉన్నవాళ్లు ఈ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

జీలకర్ర నీళ్లు. దీని మీద పరిశోధన అసలు లేదనడం తప్పు. ఇరాన్‌లో 2014లో 88 మంది మహిళల మీద ఒక ప్రయత్నం చేశారు. కొందరికి మూడు నెలల పాటు రోజుకు 3 గ్రాముల జీలకర్ర పొడి పెరుగులో కలిపి ఇచ్చారు, మిగతావారికి ఉత్త పెరుగు ఇచ్చారు. జీలకర్ర తిన్నవాళ్లు కాస్త ఎక్కువ తగ్గారు, తేడా కిలో, కిలోన్నర. అయితే రెండు గుంపులవాళ్లూ ఆహారం తగ్గించి తిన్నవాళ్లే, వాళ్లు తీసుకున్నది పొడి. మనం చేసేది గింజలు రాత్రి నానబెట్టి, పొద్దున మరిగించి వడకట్టిన నీళ్లు. వాము నీళ్లు, సోంపు నీళ్లు, దాల్చినచెక్క నీళ్లు అన్నీ ఇదే కోవ. కడుపుబ్బరం తగ్గుతుంది, పొట్ట తేలిగ్గా అనిపిస్తుంది. ఆ తేలికదనాన్నే చాలామంది బరువు తగ్గడం అనుకుంటారు.

ఒక మేలు మాత్రం ఒప్పుకుంటాను. పొద్దున్నే పంచదార వేసిన పెద్ద గ్లాసు కాఫీ బదులు జీలకర్ర నీళ్లు తాగేవాళ్లకు ఆ కాఫీ క్యాలరీలు మిగులుతాయి. మేలు చేసింది మానేసిన కాఫీ.

మెంతులు. వీటి మీద నాకు కొంచెం గౌరవం ఎక్కువే. మెంతుల్లో నీళ్లు పీల్చుకుని జిగురుగా మారే పీచు ఉంటుంది. కడుపు నిండినట్టు అనిపిస్తుంది, తిన్నాక షుగర్ గబుక్కున పెరగకుండా కొంత ఆపుతుంది. నానబెట్టిన నీళ్లు మాత్రమే తాగి గింజలు పారేస్తే ఆ పీచు చెత్తబుట్టలోకి పోతుంది. తింటే గింజలతో సహా తినండి. షుగర్ మాత్రలు వాడేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టకండి, షుగర్ మరీ పడిపోయే వీలుంది.

యాపిల్ సైడర్ వెనిగర్. మీరు దీని గురించే ఎక్కువ అడిగారు. జపాన్‌లో 2009లో వెలువడిన ఒక అధ్యయనంలో వెనిగర్‌ను రోజూ ఒకటి రెండు పెద్ద చెంచాలు నీళ్లలో కలిపి 12 వారాలు ఇస్తే కిలో నుంచి రెండు కిలోల లోపు తగ్గారు. 2024లో లెబనాన్ నుంచి ఇంకో అధ్యయనం వచ్చింది. 12 వారాల్లో ఆరు నుంచి ఎనిమిది కిలోలు తగ్గారని అందులో రాశారు. వీడియోల్లో, రీల్స్‌లో అది మార్మోగిపోయింది. ఆ లెక్కలు నమ్మదగినవిగా లేవని తేలడంతో 2025 సెప్టెంబరులో దాన్ని ప్రచురించిన వైద్య పత్రికే ఉపసంహరించుకుంది. ఆ సంగతి మాత్రం రీల్స్‌లోకి రాలేదు. నీళ్లు కలపకుండా తాగితే పళ్ల మీది ఎనామిల్ అరుగుతుంది, గొంతు మండుతుంది. గ్యాస్ ట్రబుల్ ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువవుతుంది. ఆ సీసా డబ్బుతో నెలకు సరిపడా గుడ్లు వస్తాయి, నేనైతే గుడ్లే కొనమంటాను.

గ్రీన్ టీ. పంచదార వేసిన పాల టీ బదులు తాగితే మంచిదే. గ్రీన్ టీ సారంతో చేసిన క్యాప్సూల్స్ జోలికి మాత్రం వెళ్లకండి, కాలేయం దెబ్బతిన్న కేసులు ఉన్నాయి.

సొరకాయ రసం. ఇది విడిగా చెప్పాలి, ఎందుకంటే ప్రాణాల మీదికి వచ్చే సంగతి. పచ్చి సొరకాయ రసం పరగడుపున తాగడం మన దగ్గర బాగా పాకింది. కొన్ని సొరకాయల్లో కుకుర్బిటాసిన్ అనే చేదు విషం ఉంటుంది, పైకి చూస్తే తెలియదు. చేదు రసం తాగి వాంతులు, రక్త విరేచనాలతో ఆసుపత్రి పాలైనవాళ్లు ఉన్నారు, మన దేశంలో చనిపోయినవాళ్లూ ఉన్నారు. భారత వైద్య పరిశోధన మండలి దీని మీద నిపుణుల కమిటీని వేసింది. చేదుగా ఉన్న సొరకాయ రసం తాగకూడదని, తాగి అసౌకర్యంగా ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలని ఆ కమిటీ చెప్పింది. ‘ఆరోగ్యం కోసం చేదైనా మింగాలి’ అనే అలవాటు ఇక్కడ చాలా ప్రమాదం. సొరకాయను పప్పులో వేసుకోండి, పులుసు పెట్టుకోండి. కోసేటప్పుడు చిన్న ముక్క నాలుకకు తాకించి, చేదుంటే పారేయండి.

ఇప్పుడు మీ పక్కింటావిడ పొడి దగ్గరికి వస్తాను.

మూడేళ్ల క్రితం ఒక అమ్మాయిని వాళ్లమ్మ తీసుకొచ్చింది. వయసు 24, నిశ్చితార్థం అయ్యింది. ఫోన్‌లో చూసి ఏదో మూలికల క్యాప్సూల్స్ తెప్పించుకుంది. నెలన్నరలో ఏడు కిలోలు తగ్గింది. వాళ్లమ్మ సంతోషంగానే ఉంది, ‘అన్నం సహించడం లేదంటోంది, ఏం పెట్టాలో చెప్పండి’ అని అడగడానికి వచ్చింది. అమ్మాయి చెయ్యి చాపమంటే వేళ్లు వణుకుతున్నాయి. రాత్రి మూడింటి దాకా నిద్ర రావడం లేదంది. కూర్చుని ఉండగానే నాడి నిమిషానికి 118 ఉంది. డబ్బా తెప్పించి చూశాను. ఆకుపచ్చ రంగు, ఆకుల బొమ్మ, ‘వంద శాతం సహజం’ అని పెద్ద అక్షరాలు. లోపల ఏముందో మాత్రం ఎక్కడా లేదు, బ్యాచ్ నంబరు కూడా లేదు. వెంటనే మాన్పించి ఫిజీషియన్ దగ్గరికి పంపాను. పది రోజుల్లో నాడి మామూలైంది. బరువు మూడు నెలల్లో తిరిగి వచ్చింది. ఆ అమ్మాయి ఏడ్చిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ డబ్బాలో ఏముందో నేను పరీక్ష చేయించలేదు కాబట్టి ఇదీ అని చెప్పను. ఇలాంటి వాటిలో ఏం దొరుకుతుందో మాత్రం అందరికీ తెలిసిందే. సిబుట్రమిన్ అనే ఆకలి చంపే మందు ఒకప్పుడు మందుల షాపుల్లో దొరికేది. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతోందని 2010లో యూరప్‌లో, అమెరికాలో దాన్ని మార్కెట్ నుంచి తీసేశారు, తర్వాత మన దేశంలోనూ నిషేధించారు. ఆ తర్వాత కూడా ‘హెర్బల్’ పేరుతో అమ్మే స్లిమ్మింగ్ మాత్రల్లో రహస్యంగా అదే కలిపి ఉన్నట్టు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పదేపదే పట్టుకుంది. మూలికల పొడి అకస్మాత్తుగా ఆకలి చంపేసి, గుండె దడ తెప్పిస్తే, అందులో మూలికలు కానిదేదో ఉందని అనుమానించండి.

కొన్ని పొడులూ టీలూ ఇంకో రకం. వాటిలో సునాముఖి ఆకు ఉంటుంది, అది విరేచనకారి. రోజుకు మూడు నాలుగుసార్లు విరేచనం అవుతుంది, పొట్ట లోపలికి పోయినట్టు కనిపిస్తుంది. మనం తిన్నదాంట్లో క్యాలరీలు చాలావరకు చిన్నపేగులోనే ఒంటికి పట్టేస్తాయి. సునాముఖి పనిచేసేది పెద్దపేగు మీద. కాబట్టి పోయేది నీళ్లూ లవణాలే. నెలల తరబడి వాడితే పొటాషియం పడిపోయి నీరసం, కాళ్లు పీకడం మొదలవుతాయి.

గార్సీనియా క్యాప్సూల్స్ గురించి కూడా తరచుగా అడుగుతుంటారు. మలబారు చింతపండు నుంచి తీసిన పదార్థం అది. 1998లోనే అమెరికాలో 135 మంది మీద 12 వారాలు పరీక్షించారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకూ దీన్ని వేసుకున్నవాళ్లకూ బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయినా అమ్మకం ఆగలేదు.

ద్రవాహారం, కటిక ఉపవాసం సంగతీ చెప్పాలి, పెళ్లి ముందు చాలామంది చివరికి అక్కడికే వస్తారు. ఒక కిరాణా కొట్టు ఆయన పది రోజులు నిమ్మనీళ్లు, సూపులతో గడిపి ఆరు కిలోలు తగ్గారు. వీధి వీధంతా చెప్పుకున్నారు. నెలన్నరలో ఏడు కిలోలు పెరిగారు. అలా మూడుసార్లు చేశాక పిత్తాశయంలో రాళ్లు బయటపడ్డాయి. ఆయనకు రాళ్లు దానివల్లే వచ్చాయని తేల్చి చెప్పలేను, కానీ వేగంగా బరువు తగ్గేవాళ్లలో ఆ ముప్పు పెరుగుతుందని వైద్యులందరికీ తెలుసు. ఆడవాళ్లలో ఇంకో బాధ ఉంది. అలా ఒక్కసారిగా తిండి మానేసిన రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంది. మీ విషయంలో అది సరిగ్గా పెళ్లి రోజుల్లో మొదలవుతుంది.

మన ఇళ్లలో ఇంకో చిట్కా ఉంది. దాన్ని చిట్కా అని ఎవరూ అనుకోరు: ‘రాత్రిపూట అన్నం మానేసి టిఫిన్ చేస్తున్నాం.’ శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లూ ఇదే చేస్తారు. ఆ టిఫిన్ ఏమిటని అడిగితే మూడు పూరీలు, బంగాళదుంప కూర. లేదా రెండు దోసెలు, వేరుశనగ చట్నీ, పైన కారప్పొడి నెయ్యి. మూడు పూరీలు కూరతో 450 క్యాలరీలు దాటుతాయి. మానేసిన కప్పు అన్నం, పప్పు, మజ్జిగ కలిపినా అంత ఉండదు. అన్నం దోషి, టిఫిన్ నిర్దోషి అనే నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో గానీ బాగా పాతుకుపోయింది. సిరిధాన్యాలదీ అదే కథ. కొర్రల్లో, సామల్లో పీచు ఎక్కువ, మంచివే. కానీ వంద గ్రాముల గింజల్లో క్యాలరీలు ఇంచుమించు బియ్యంలో ఉన్నంతే. ‘కొర్రలే కదా’ అని రెండింతలు తింటే బరువు పెరుగుతుంది.

ఇక పనిచేసేది ఏమిటంటే, నా దగ్గరికి వచ్చేవాళ్లను నేను మొదట అడిగే ప్రశ్న ‘నెలకు మీ ఇంట్లో ఎన్ని నూనె ప్యాకెట్లు అవుతాయి?’ అని. మొదట్లో నేనిలా అడిగేదాన్ని కాదు. ఓట్స్, సలాడ్ అని అచ్చేసిన డైట్ చార్టు చేతికిచ్చి పంపేదాన్ని. పొద్దున అయిదింటికి లేచి పది మందికి వండే ఇల్లాలు దాన్ని ఎన్నాళ్లు పాటిస్తుంది? వారంలో మానేసి, తప్పు తనదేననుకుని మళ్లీ నా దగ్గరికి రావడానికి మొహమాటపడేది. ఆ చార్టులు ఇవ్వడం మానేసి చాలా ఏళ్లయింది.

తెనాలి దగ్గర ఒక పల్లె నుంచి వచ్చిన ఒకావిడ ఇంట్లో నలుగురు. నెలకు అయిదు లీటర్ల నూనె. మనిషికి రోజుకు 42 మిల్లీలీటర్లు పడుతుంది, అంటే ఒక్క నూనెలోనే సుమారు 340 క్యాలరీలు. ఏ కూర మానొద్దన్నాను. ఒకటో తారీకున మూడు ప్యాకెట్లు మాత్రం బయట పెట్టి, నెలంతా వాటితో గడపమన్నాను. నూనె డబ్బాలోంచి బాణలిలోకి వంపడం మానేసి చెంచాతో కొలిచి పోయమన్నాను. రెండో నెలకు వంకాయ వేపుడు కాస్తా మూతపెట్టి మగ్గించిన కూరయింది, వారానికి నాలుగుసార్లు చేసే వేపుళ్లు రెండయ్యాయి. ఇంట్లో ఒక్కొక్కరికీ రోజుకు సుమారు 135 క్యాలరీలు తగ్గాయి. సాయంత్రం చెరువు గట్టు మీద అరగంట నడక కూడా కలిపారు. ఏడు నెలల్లో ఆవిడ అయిదు కిలోలు తగ్గారు, ఆవిడ భర్త ఏమీ ప్రయత్నించకుండానే మూడు కిలోలు తగ్గారు. ఇది జరిగి నాలుగేళ్లు దాటింది, ఆ బరువు తిరిగి రాలేదు.

మీకు ఉన్నది ఎనిమిది వారాలు. ఆ రోజుకు 500 క్యాలరీలు ఎక్కడ దొరుకుతాయో వెతుకుదాం. నిమ్మరసంలో తేనె తీసేస్తే 60 నుంచి 85. రోజుకు మూడు టీలు రెండేసి చెంచాల పంచదారతో తాగుతుంటే, వాటిని ఒక్క టీకి తగ్గిస్తే పంచదారలోనే 80. నూనె పైన చెప్పినట్టు తగ్గిస్తే 135. సాయంత్రం పిల్లలతో పాటు తినే మిక్చరో బిస్కట్లో మానేస్తే 120 నుంచి 150. రాత్రి అన్నం ఒక గరిటె తగ్గించి ఆ చోట కూర పెట్టుకుంటే 100. ఇందులో పస్తు ఎక్కడా లేదు.

తగ్గించడం ఒక్కటే చేస్తే ఆకలికి ఆగలేరు, మాంసకృత్తులు పెంచాలి. మన భోజనంలో ఎప్పుడూ తక్కువయ్యేది అవే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2,000 క్యాలరీల ఆహారానికి 85 గ్రాముల పప్పుధాన్యాలు, 400 గ్రాముల కూరగాయలు, 250 గ్రాముల ధాన్యం చెప్పారు. మన కంచాల్లో అన్నం గుట్టగా ఉంటుంది, పప్పు నీళ్లగా ఉంటుంది, కూర నంజుకోవడానికి ఉంటుంది. మీరు పొద్దున రెండు గుడ్లో, నూనె తక్కువ వేసిన పెసరట్లో తినండి. మధ్యాహ్నం ముద్దపప్పులాగా గట్టి పప్పు, లేదా చేప పులుసు. ముందు కూరా పప్పూ వడ్డించుకుని, మిగిలిన చోట అన్నం పెట్టుకోండి. ఈ ఒక్క వరస మార్పుతో అన్నం దానంతటదే తగ్గుతుంది.

మీరు చిట్కాయే కావాలంటే ఒకటుంది. భోజనానికి అరగంట ముందు రెండు గ్లాసుల మామూలు నీళ్లు తాగండి. 2010లో అమెరికాలో నడివయసు దాటినవాళ్ల మీద 12 వారాలు చేసిన ప్రయత్నంలో, ఆహారం తగ్గించుకుంటూ ఇలా అర లీటరు నీళ్లు తాగినవాళ్లు తాగనివాళ్లకంటే సుమారు రెండు కిలోలు ఎక్కువ తగ్గారు. అందులో జీలకర్ర లేదు, తేనె లేదు. కిడ్నీ, గుండె జబ్బుల వల్ల డాక్టర్లు నీళ్లు తగ్గించమన్నవాళ్లు మాత్రం ఇది చేయకూడదు.

నడక రోజుకు 30 నిమిషాలు, కుదిరితే భోజనం తర్వాత పది పది నిమిషాలుగా. వారానికి మూడు రోజులు కుర్చీలో కూర్చుని లేవడం పదిహేను సార్లు, గోడకు చేతులు ఆనించి తోయడం పదిహేను సార్లు, రెండు విడతలుగా. బరువు తగ్గేటప్పుడు కండ కూడా కరుగుతుంది, ఈ వ్యాయామం దాన్ని కాపాడుతుంది. పొట్ట ఒక్కటే తగ్గించే వ్యాయామం లేదు, బెల్టూ లేదు. నడుముకు చుట్టుకునే చెమట బెల్టుతో పోయేది చెమటే, ఒక చెంబెడు నీళ్లు తాగగానే తిరిగి వస్తుంది.

వారానికి ఒక్కసారి, ఒకే రోజు, పొద్దున ముఖం కడుక్కున్నాక బరువు చూసుకోండి. రోజూ చూస్తే టెన్షన్ తప్ప ఏం లేదు. నెలసరికి ముందు కిలో దాకా నీరు చేరుతుంది, దాన్ని చూసి కంగారుపడకండి. టేపుతో నడుము కూడా కొలవండి. మన దేశపు ఆడవాళ్లకు నడుము 80 సెంటీమీటర్లు దాటితే, బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) 23 దాటితే జాగ్రత్తపడమని మన డాక్టర్లు చెబుతారు. మీ బీఎంఐ 29 వస్తుంది. కాబట్టి పెళ్లి ఫొటోల కోసమే కాకుండా మీ షుగర్, బీపీల కోసం కూడా ఈ పని మొదలుపెట్టాలి.

అందుకే ఒక్క పూట కేటాయించి పరీక్షలు చేయించుకోండి: థైరాయిడ్, పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), హిమోగ్లోబిన్, లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష). నెలసరి క్రమం తప్పుతుంటే పీసీఓడీ (హార్మోన్ల తేడా వల్ల వచ్చే అండాశయాల సమస్య) గురించి గైనకాలజిస్టును అడగండి. స్టెరాయిడ్లు, కొన్ని షుగర్ మాత్రలు, ఫిట్స్‌కూ మానసిక సమస్యలకూ వాడే కొన్ని మందులు బరువు పెంచుతాయి. అలాంటివి వాడుతుంటే సొంతంగా ఆపకండి, రాసిన డాక్టరుతోనే మాట్లాడండి. ఇంకో సంగతి, థైరాయిడ్ సమస్య లేనివాళ్లు సన్నబడతామని థైరాయిడ్ మాత్రలు మింగడం నేను చూశాను. అది గుండెతో ఆడుకోవడమే.

బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి మీరు అడగలేదు గానీ, కింద కామెంట్లలో ఎవరో ఒకరు అడుగుతారు. సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ నిజంగా పనిచేసే మందులే, పెద్ద పరీక్షలు దాటి వచ్చినవే. కానీ అవి డాక్టరు చూసి, అవసరం తేల్చి, రాసి ఇవ్వాల్సినవి. సెమాగ్లుటైడ్ ఆపేసిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగి వచ్చినట్టు పరీక్షల్లోనే కనిపించింది. రెండు నెలల్లో ఉన్న పెళ్లి కోసం వాడే వస్తువులు కావవి.

మీ అమ్మగారో అత్తగారో ‘జీలకర్ర నీళ్లు తాగితే మా కాలంలో అందరూ సన్నగానే ఉన్నాం’ అనవచ్చు. వాళ్లతో వాదించకండి. వాళ్ల కాలంలో రోట్లో పచ్చడి నూరారు, బావి నుంచి నీళ్లు తోడారు, నూనె గానుగ నుంచి చిన్న సీసాలో తెచ్చుకుని పండగకు దాచుకున్నారు. ఆ జీలకర్ర నీళ్లు మీరూ తాగండి, ఆవిడకు సంతోషం. నూనె చెంచా మాత్రం మీ చేతిలో ఉంచుకోండి.

మీరు ఇంకా బిడ్డకు పాలిస్తున్నారా, నెలకు మీ ఇంట్లో ఎన్ని ప్యాకెట్ల నూనె అవుతుంది, థైరాయిడ్ పరీక్ష చివరిసారి ఎప్పుడు చేయించారు, రాత్రి భోజనం ఎన్ని గంటలకు చేస్తారు? ఈ నాలుగూ రాయండి. ఇంటిల్లిపాదికీ ఒకే వంట చేస్తూ మీరు పాటించగలిగేలా వారం రోజుల భోజనం రాసి పెడతాను. పాలిస్తుంటే పైన చెప్పిన 500 తగ్గింపు వద్దు, దానికి వేరే లెక్క ఉంది.